బ్యాటరీ బాగానే ఉంది, బండి ఎందుకు స్టార్ట్ కాదు?

ఉదయం తాళం తిప్పగానే కారు 'టక్ టక్' మని ఆగిపోతుంది. హెడ్‌లైట్లు మసకబారతాయి. బ్యాటరీ పాడైందనుకుని చాలామంది వేల రూపాయలు పెట్టి కొత్తది వేయిస్తారు. కొన్నాళ్లకు అదే సమస్య మళ్లీ వస్తుంది. ఎందుకంటే అన్నిసార్లూ లోపం బ్యాటరీలోనే ఉండదు. అది ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు.

కారులోని 12 వోల్టుల సీసం-ఆమ్ల బ్యాటరీలో ఆరు సెల్‌లు ఉంటాయి. ఒక్కో సెల్ సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. అందుకే పూర్తిగా ఛార్జ్ అయిన బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 అంటే సగం ఛార్జ్ మిగిలినట్లు. 12 కంటే తగ్గితే ముందుగా ఛార్జ్ చేయాలి. ఈ కొలతను ఇంజిన్ ఆపిన కొన్ని గంటల తర్వాత తీసుకోవాలి. బండి ఆగిన వెంటనే కొలిస్తే రీడింగ్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

అయితే 12.6 వోల్టులు చూపినంత మాత్రాన అంతా బాగున్నట్లు కాదు. సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు వంద ఆంపియర్లకు పైగా కరెంటు తీసుకుంటుంది. అసలు పరీక్ష అప్పుడే. ఒకరు తాళం తిప్పుతుండగా మరొకరు బ్యాటరీ ధ్రువాల మధ్య వోల్టేజీ చూడాలి. ఛార్జ్ నిండుగా ఉన్నా అది 9.6 వోల్టుల కంటే కిందికి పడిపోతుంటే, బ్యాటరీ బలహీనపడి ఉండవచ్చు, లేదా సెల్ఫ్ మోటారు అతిగా కరెంటు లాగుతుండవచ్చు.

ధ్రువాల వద్ద 10 వోల్టులకు పైనే నిలిచినా మోటారు నీరసంగా తిరుగుతుంటే, దారిలో ఎక్కడో వోల్టేజీ పోతోందని అనుమానించాలి. జర్మన్ శాస్త్రవేత్త జార్జ్ సైమన్ ఓమ్ 1827లో ప్రకటించిన నియమం ఇక్కడ పనికొస్తుంది. వోల్టేజీ నష్టం అంటే కరెంటును నిరోధంతో గుణిస్తే వచ్చేదే. తుప్పు పట్టిన క్లాంపు వద్ద నిరోధం 0.01 ఓమ్ మాత్రమే ఉందనుకుందాం. అర ఆంపియర్ తీసుకునే చిన్న బల్బుకు 0.005 వోల్టు నష్టమే. బల్బు మామూలుగానే వెలుగుతుంది. 150 ఆంపియర్లు లాగే మోటారుకు మాత్రం 1.5 వోల్టుల నష్టం. లోపం విశ్రాంతిలో దాక్కుని, లోడ్ పడినప్పుడే బయటపడేది ఇందుకే.

ఆ చోటును పట్టుకోవడానికి మీటరు ఒక కొనను బ్యాటరీ నెగెటివ్ ధ్రువంపై, రెండో కొనను ఇంజిన్ లోహంపై ఆనించి సెల్ఫ్ కొట్టాలి. రీడింగ్ 0.2 వోల్టు దాటితే ఎర్త్ వైరు, దాని బోల్టు చూడాలి. పాజిటివ్ ధ్రువం నుంచి మోటారు టెర్మినల్ వరకు 0.5 వోల్టు దాటకూడదు. చాలాసార్లు తెల్లని, పచ్చని పొడిని శుభ్రం చేసి బోల్టు బిగిస్తే సరిపోతుంది.

ఇంజిన్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. 13 కంటే తక్కువైతే ఆల్టర్నేటర్, దాని బెల్టు అనుమానితులు. కొన్ని కొత్త కార్లలో కంప్యూటర్ ఈ వోల్టేజీని మారుస్తుంటుంది కాబట్టి ఒక్క రీడింగ్‌తో తేల్చకూడదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోతుంటే, బండి ఆపాక కూడా ఏదో పరికరం కరెంటు తాగుతున్నట్లే. అర ఆంపియర్ చొప్పున రోజుకు 12 ఆంపియర్-గంటలు పోతాయి. 35 ఆంపియర్-గంటల బ్యాటరీ మూడు రోజుల్లోపే ఖాళీ అవుతుంది.

పరీక్షకు ముందు గేరు న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్‌బ్రేక్ వేయాలి. ఛార్జింగ్‌లో వెలువడే హైడ్రోజన్ మండే వాయువు, అందువల్ల దగ్గర్లో నిప్పు ఉండకూడదు. వైర్లు విప్పేటప్పుడు ముందు నెగెటివ్ తీయాలి, బిగించేటప్పుడు దాన్ని చివర పెట్టాలి. మీటరును కరెంటు కొలిచే స్థానంలో పెట్టి ఎప్పుడూ సెల్ఫ్ కొట్టకూడదు.

కొత్త బ్యాటరీ కొనే ముందు ఈ కొలతలకు పావుగంట కేటాయిస్తే, ఖర్చు వేలల్లో ఉంటుందో, ఒక బోల్టు బిగించడంతో పోతుందో తేలిపోతుంది.