చెట్టు కొట్టిన తరువాత వేళ్ళ సంగతి

పాత తోటను తీసివేసి కొత్త తోట వేయదలచిన రైతు, బ్యాంకుకు ఇచ్చే అంచనాలో చెట్లు కొట్టే కూలి, దుంగల రవాణా, మొక్కల ధర, ఎరువుల ఖర్చు తప్పక చూపుతాడు. భూమిలో మిగిలిపోయే వేళ్ళ ఖర్చు మాత్రం చాలా అంచనాలలో కనిపించదు. అండమాన్ దీవులలో ఈ లోపం త్వరగా బయటపడుతుంది. ఇక్కడ ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం, అదీ మే నుండి డిసెంబరు వరకు, కురుస్తుంది. మోడుకు ఇంతకంటే అనుకూలమైన వాతావరణం ఉండదు. తనిఖీకి వెళ్ళినపుడు పోక మొక్కల కంటే సుబాబుల్ రెమ్మలే ఎత్తుగా ఉన్న తోటలు కనిపిస్తాయి. అటువంటి తోటలో కలుపు కూలి పెరిగి, కాపు ఆలస్యమై, వాయిదా చెల్లింపు నాటికి రైతు చేతిలో సొమ్ము ఉండదు.

మొదట చెట్టు స్వభావం తెలుసుకోవాలి. కొబ్బరి, పోక చెట్లను నరికితే తిరిగి చిగురించవు. సుబాబుల్, గ్లిరిసీడియా, మునగ వంటివి మోడు నుండే గుత్తులుగా చిగురిస్తాయి. సీమపనస, జామ, ఇంటి ముందు పెంచే ఆకాశమల్లె మూడవ రకం. వీటి వేరుకు గాయమైన చోట పిలక లేస్తుంది, అది మోడుకు ఎంతో దూరంలో కావచ్చు. అందుచేత సీమపనస చుట్టూ పారతో ఇష్టం వచ్చినట్లు త్రవ్వడం పిలకలను పిలిచి కూర్చోబెట్టడమే. అయితే ఈ పిలకలను వేరుముక్కతో సహా తీసి సంచులలో పెంచితే అవే నారు మొక్కలు. నర్సరీ నడిపేవారికి ఇది నష్టం కాదు.

చిగురు ఎక్కడిది? ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్ళలో పిండిపదార్థంగా నిలువ ఉంటుంది. చెట్టు కొట్టినా ఆ నిలువ చెడదు. బ్యాంకు ఖాతాతో పోల్చితే, కొత్త రెమ్మ ముందుగా సొమ్ము తీసుకొని, ఆకులు ముదిరాక తిరిగి జమ చేస్తుంది. జమ మొదలుకాక ముందే రెమ్మను తీసివేయడమే మన పని. రెమ్మలు మూరెడు దాటకముందే, రెండు మూడు వారాలకొకసారి, ఒక పూర్తి వర్షాకాలం విడువకుండా తీయాలి. రెండు నెలలు మరచిపోతే ఖాతా తిరిగి నిండుతుంది. కత్తితో పైపైన నరికితే ఒకటికి నాలుగు లేస్తాయి. మట్టి తీసి, వేరుకు అతుక్కున్న చోటు నుండి చీల్చి లాగాలి. ఆకు రాల్చే గ్లిరిసీడియాను మోడుబారిన వేసవిలో కాక, కొత్త ఆకు పూర్తిగా విచ్చుకొన్న వెంటనే కొట్టడం మేలు. అప్పుడు నిలువ కనిష్ఠంగా ఉంటుంది.

తొందర లేనివారు చెట్టు నిలిచి ఉండగానే మొదలు చుట్టూ జానెడు వెడల్పున బెరడు పూర్తిగా వలిచి ఉంచవచ్చు. వేళ్ళకు పైనుండి ఆహారం అందక నెలల తరబడి క్షీణిస్తాయి. వలిచిన చోటుకు దిగువన వచ్చే చిగుళ్ళను గిల్లుతూ ఉండాలి. ఎండిన కొమ్మలు విరిగిపడతాయి కనుక ఇంటి ప్రక్కన ఈ పద్ధతి కూడదు.

మోడును పెకలించడం అన్నిచోట్లా మంచిది కాదు. చదునైన నేలలో, బావికీ మరుగుదొడ్డి తొట్టికీ దగ్గరైన చోట, జనవరి నుండి ఏప్రిల్ లోపు త్రవ్వి తీయవచ్చు. దీవులలోని అనేక తోటలు కొండవాలుపై ఉన్నాయి. అక్కడ మోడు పెకలిస్తే తొలి వర్షానికే ఆ గుంట నుండి మట్టి జారిపోతుంది. వాలుపై మోడును నేలమట్టానికి కోసి, నల్ల పాలిథీన్ కప్పి, అంచులను మట్టితో మూసి, పిలకలను గిల్లుతూ అక్కడే కుళ్ళనివ్వడం నా దృష్టిలో ఉత్తమం.

మోడుపై ఉప్పు పోసే అలవాటు కొందరికి ఉంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో సముద్రపు నీరు నిలిచి పొలాలు చవుడు బారడం చూసినవారు కూడా ఇలా చేయడం ఆశ్చర్యం. చెట్టు చావవచ్చు, చావకపోవచ్చు. నేల మాత్రం తప్పక చెడుతుంది. గ్లైఫోసేట్ వాడకాన్ని శిక్షణ పొందిన తెగుళ్ళ నివారణ నిర్వాహకులకు మాత్రమే పరిమితం చేస్తూ 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు జారీ చేసింది. డీలర్లు దీనిని గమనించి, సీసా అడిగిన ప్రతివారికీ ఇవ్వరాదు. పైగా, ఒకే వేరుపై ఉన్న పిలకకు మందు పూస్తే అది ఉంచుకోదలచిన తల్లి చెట్టుకూ చేరుతుంది.

కొబ్బరి చిగురించదని నిశ్చింతగా ఉండరాదు. కుళ్ళుతున్న కొబ్బరి మొద్దులోనే కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. అక్కడ పెరిగిన పెంకు పురుగులు కొత్త మొక్కల మొవ్వును తొలుస్తాయి. కనుక మొద్దులను చీల్చి ఎండబెట్టి వంటచెరకుగా వాడాలి, లేదా కాల్చివేయాలి. గానోడెర్మా తెగులుతో చచ్చిన చెట్టయితే మోడు, వేళ్ళు కూడా తీసి కాల్చిన తరువాతే ఆ స్థలంలో కొత్త మొక్క నాటాలి.

పడాక్ వంటి కలప చెట్టు ఏదైనా సరే, గొడ్డలి ఎత్తక ముందే అటవీ, రెవెన్యూ శాఖల వద్ద అనుమతి సంగతి విచారించాలి. తెగులు విషయంలో సందేహముంటే, 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో, గారచర్మ వద్ద ఉన్న కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థను సంప్రదించవచ్చు.

రుణం కోరేవారు మోళ్ళ లెక్క, రకం, ఒక సంవత్సరం పాటు పిలకలు తీసేందుకు కావలసిన కూలి దినాలు వ్రాసి, భూమి అభివృద్ధి పద్దు క్రింద అంచనాలో చేర్చి తీసుకురావాలి. రుణం మంజూరైన తరువాత దీనికోసం అదనంగా అడగడం కంటే ముందే చూపడం సులభం.