విత్తనము దాచుట సంచయమా, దాసోహమా?



కల్యాణ పట్టణమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను శరణ దంపతులు ఉండిరి. నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, వాటితో జంగమార్చన జరుపుట వారి కాయకము. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చు దానికంటె అధికముగా బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని వండుటకు అంగీకరింపలేదు. నేటి అవసరమునకు మించినది మనది కాదని, తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను పంపెను. ఈ కథ మన ఇండ్లలో పిల్లలకు సయితము తెలిసినదే.

అయితే వ్యవసాయ కుటుంబమున పుట్టిన వానికి ఇచట ఒక సందేహము కలుగుట సహజము. మిగులు దాచరాదన్నచో, రైతు వచ్చే ఏటి కొరకు విత్తనము దాచుట కూడ దోషమగునా? ఈ పాఠమున దానిని విచారింతము.

1. సంచయము వేరు, విత్తనము వేరు

ధర పెరుగువరకు కొట్టులో బంధించిన ధాన్యము సంచయము. దాని వలన దాచినవానికి లాభము, ఆకలిగొన్నవానికి నష్టము. విత్తనపు స్వభావము ఇందుకు విరుద్ధము. విత్తనమును ఊరక దాచి ఉంచినచో కొన్ని ఏండ్లలో మొలకశక్తి నశించును. దానిని బ్రతికించు మార్గము ఒక్కటే, మరల భూమికి అర్పించుట. అంతేకాదు, ఒక్కరి గంపలో మాత్రమే ఉన్న విత్తనము ఒక్క కరవుతో, ఒక్క పురుగుతో అంతరించును. పదిమంది ఇండ్లలో ఉన్నచో ఒకరి పంట పోయినను పొరుగువారి గంపనుండి తిరిగి వచ్చును. కావున విత్తనము విషయమున పంచుటయే దాచుట. ఇది లక్కమ్మ నేర్పిన ధర్మమునకు విరుద్ధము కాదు, దాని కొనసాగింపే.

2. జహీరాబాదు తల్లుల కాయకము

నాచారము, ఉప్పల్ కార్ఖానాలలో పనికై జహీరాబాదు, నారాయణఖేడ్, బీదరు ప్రాంతములనుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు మనలో ఉన్నవి. ఝరాసంగములోని కేతకీ సంగమేశ్వరుని దర్శించి వచ్చు వారు అనేకులు. కాని ఆ క్షేత్రము చుట్టుపట్ల గ్రామములలో జరుగుచున్న గొప్ప కాయకమును గమనించినవారు కొద్దిమందియే.

జహీరాబాదు సమీపమున పస్తాపూర్ గ్రామము కలదు. అచట 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అను సంస్థ ఏర్పడినది. దాని ఆధ్వర్యమున గ్రామ గ్రామమున స్త్రీల సంఘములు వెలసినవి. సభ్యులలో అత్యధికులు దళిత స్త్రీలు, బడికి పోనివారు, సన్నకారు రైతులు. సర్కారు ఎరువులు, హైబ్రిడ్ విత్తనములు వచ్చిన తరువాత తమ పాతపంటలు మాయమగుచున్నవని గుర్తించి వారు విత్తన నిధులను నెలకొల్పిరి.

వారి పద్ధతి మిక్కిలి సరళమైనది. కోతకు ముందే చేనిలో తిరిగి, చేను నడుమనున్న బలమైన, తెగులులేని కంకులను ఎన్నుకొందురు. అంచుననున్న కంకులను తీసికొన్నచో పొరుగు చేని పుప్పొడి కలిసి జాతి మారవచ్చును. గింజలను బాగుగ ఎండబెట్టి, బూడిదయు వేపాకును కలిపి, పేడ మట్టితో అలికిన వెదురు గంపలలో భద్రపరతురు. జొన్న, కొర్ర, సామ, సజ్జ, తైద, కంది, అనుము, ఉలవ, కుసుమ ఇత్యాదిగా పలు రకములు ఒక్కొక్క ఇంట ఉండును. ఒకే చేనిలో అనేక పంటలు కలిపి విత్తుదురు గనుక వాన తప్పినను ఏదో ఒకటి దక్కును.

విత్తనము లేనివారు నిధినుండి తీసికొని, పంట వచ్చిన పిదప రెండింతలు తిరిగి ఇత్తురు. ఆ అధికమైన పాలు మరియొక పేద ఇంటికి విత్తనమగును. ఇచట డబ్బు ప్రసక్తి లేదు. సంక్రాంతి మొదలుకొని అలంకరించిన ఎడ్లబండ్లపై విత్తనముల నుంచి ఊరూరా "పాత పంటల జాతర" నడుపుట వారి ఆచారము. ఝరాసంగం మండలములోని మాచనూరులో 2008లో ఆరంభమైన "సంగం రేడియో"ను నడిపినవారును ఈ స్త్రీలే. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ వారికి ఈక్వేటర్ పురస్కారము నిచ్చినది.

ఇచట మనము మనలను ప్రశ్నించుకొనవలెను. ఆ ప్రాంతమున భూవసతి గలవారిలో మనవారును ఉండిరి. ఆ చేలలో కూలి చేసినది ఈ తల్లులు, వారి పూర్వులు. హరళయ్య, మధువరసుల వియ్యము కొరకు ప్రాణములొడ్డిన శరణుల వారసులమని చెప్పుకొను మనము ఈ తల్లులను గురువులుగా అంగీకరించితిమా?

3. ఉప్పల్ రహదారిపై ఒక నిదర్శనము

"పాత విత్తనము పేదల పని, నేటి విజ్ఞానమునకు దానితో ఏమి ప్రయోజనము?" అని పట్టణవాసులు అడుగవచ్చును. సమాధానము మన ఉప్పల్ రహదారిపైననే ఉన్నది. హబ్సిగూడలోని సి.సి.ఎం.బి. విజ్ఞాన కేంద్రమును మనము నిత్యము దాటి పోవుదుము. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి వరి రుచికి పేరుపొందినను, బాక్టీరియా ఎండాకు తెగులుకు లొంగిపోవును. సి.సి.ఎం.బి. వారు, రాజేంద్రనగరులోని వరి పరిశోధనా సంస్థవారు కలిసి ఆ తెగులును తట్టుకొను మెరుగైన సాంబ మసూరిని సిద్ధపరచిరి. అది 2008లో రైతులకు విడుదలైనది.

ఆ తట్టుకొను శక్తి ఎచటినుండి వచ్చినది? అందు చేర్చిన మూడు జన్యువులలో ఒకటి ఆఫ్రికా ఖండమున మాలీ దేశపు అడవి వరినుండి వచ్చినది. తక్కిన రెండు మన ఉపఖండపు పాత వరి రకములనుండి వచ్చినవి. ఎన్నడును చూడని దేశపు గడ్డియు, పేరు తెలియని రైతులు కాపాడిన వడ్లును నేడు మన పళ్ళెములోని అన్నమును రక్షించుచున్నవి. ఇట్టి ఋణమును ఏ రొక్కముతో తీర్చగలము?

4. ఆదివాసుల బాంధవ్యము

మన ఏజెన్సీలలోని కోయలు విత్తుటకు ముందు విత్తనములను దేవతకు సమర్పించి పండుగ జరుపుకొందురు. బంజారా కన్యలు తీజ్ పండుగలో బుట్టలలో గోధుమ మొలకలు పెంచుదురు. సముద్రములకు ఆవల పెరూ దేశపు కెచువా రైతులు తమ బంగాళాదుంప విత్తనములను 2015లో నార్వే దేశపు మంచు కొండలోని విత్తన భాండారమునకు పంపిరి. అమెరికాలోని చెరోకీ జాతివారు 2020లో తమ పూర్వుల మొక్కజొన్న, చిక్కుడు మొదలగు విత్తనములను అచటనే భద్రపరచిరి. తమ నేలనుండి వెడలగొట్టబడిన జాతికి విత్తనమే జన్మభూమి.

మన దేశ చట్టము కూడ ఈ ధర్మమును గుర్తించినది. 2001 నాటి వృక్ష రకముల, రైతు హక్కుల పరిరక్షణ చట్టము ప్రకారము రైతు తన పంటనుండి విత్తనము దాచుకొనవచ్చును, మరల విత్తవచ్చును, మార్చుకొనవచ్చును, పంచవచ్చును, అమ్మవచ్చును. రక్షణ పొందిన రకమును బ్రాండు పేరుతో అమ్ముట మాత్రము కూడదు. అయితే హక్కు కాగితముపై ఉన్నను గంప ఖాళీగా ఉన్నచో ఫలమేమి? హైబ్రిడ్ పంటనుండి తీసిన గింజ మరుసటి ఏట ఒకే తీరున పండదు. కావున ఏటేట అంగడికి పోక తప్పదు. పాత విత్తనమే రైతుకు స్వేచ్ఛ.

5. మన కర్తవ్యము

ఉప్పల్ భాగాయత్ అను పేరులోనే తోటలు ఉన్నవి. నేడచట ప్లాట్లు, మెట్రో మార్గము ఉన్నవి. పల్లె విడిచిన నాడు మనము ఇష్టలింగమును ధరించి వచ్చితిమి. విత్తనపు గంపను మాత్రము అటకమీదనే విడిచి వచ్చితిమి. చేయదగినది ఇంకను ఉన్నది.

మొదటిది, ఊరికి పోయినపుడు పెద్దవారిని అడిగి పాత రకముల పేర్లు, విత్తు కాలము, వండు విధము వ్రాసికొనుడు. రెండవది, మేడపై కుండీలలో నాటు చిక్కుడు, బీర, సొర పెంచి, ఒక కాయను తీగెపైననే ఎండనిచ్చి, గింజలను మూడు ఇండ్లకు పంచుడు. మూడవది, మఠముల దాసోహములో నెలకొకమారైనను కొర్రలు, జొన్నలు వండి, ఆ ధాన్యమును పండించిన స్త్రీల సంఘములనుండియే తగిన వెల ఇచ్చి కొనుడు. బేరమాడవలదు. నాలుగవది, బసవ జయంతినాడు ఆ తల్లులను పిలిచి, క్రింద కూర్చుండబెట్టక వేదికపై ఆసనమిచ్చి, వారి మాట వినుడు.

లక్కమ్మ మిగులు బియ్యమును తిరిగి పోసి రమ్మనినది. విత్తన నిధి తల్లులు తీసికొన్నదానికి రెండింతలు తిరిగి పోయుచున్నారు. ఈ రెండును ఒకే ధర్మము.

కుటుంబ చింతనకు ప్రశ్నలు

1. సంచయమునకును విత్తన రక్షణకును భేదమేమి?
2. మీ తాతల కాలమున ఇంట నిలిచిన విత్తనములలో మీకు తెలిసిన పేర్లు ఎన్ని?
3. మన అన్నమును కాపాడిన వారియెడ మన నడవడి శరణ ధర్మమునకు తగినట్లున్నదా?