నడుము నొప్పి: మగ్గమునకు, ఆస్పత్రికి ఒక్కటే పాఠము

ఆడి మాసపు ఆదివారములు వచ్చినవంటే పెరియపాళయము భవానీ అమ్మవారి సన్నిధికి నలుదిక్కులనుండి జనము చేరుదురు. ఆరణి నది ఒడ్డున వేపాకు కట్టుకొని ప్రదక్షిణము చేయు భక్తులను మనమందరము చూచినవారమే. ఆ సందడిలో నేతపనివారిని గుర్తించుట కష్టము కాదు. నాలుగడుగులు వేసి, నడుముపై చేయి ఆనించి నిలుచువారిలో మనవారు తప్పక ఉందురు. “ఏమన్నా, నడుమా?” అని పలుకరించినచో, “గుంటలో దిగినవానికి నడుము నొప్పి రాక మానునా?” అని నవ్వి ఊరకుందురు.

ఈ మాటనే నేడు పరీక్షింపదలచితిమి. నొప్పి మన వృత్తితో పుట్టినదా? లేక తప్పించుకొను మార్గము కలదా? 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ప్రాంతము ఆంధ్ర ప్రదేశమునుండి మద్రాసు రాష్ట్రమునకు మారినది. నాటినుండి ఇంట తెలుగు, బడిలో తమిళము అను తీరున మన బిడ్డలు పెరిగినారు. ఆరోగ్య విషయములు ఇంటి భాషలో చదువుకొను అవకాశము మన పెద్దలకు తక్కువ. కనుక ఈ పాఠమును తెలుగులో, సులభముగా వ్రాయుచున్నాము.

ఒక ఇంటిని తలచుకొందము. తల్లి ముప్పదియేండ్లుగా మగ్గము నేయుచున్నది. “నా అవస్థ నా బిడ్డకు వద్దు” అని కూతురును చదివించినది. కూతురు ఆస్పత్రిలో నర్సు అయినది. తల్లి సంతోషించినది. కాని రెండేండ్లు తిరుగకముందే కూతురు ఇల్లు చేరి, “అమ్మా, నడుము పట్టుకొన్నది, కాస్త వేడినీళ్ళు పెట్టుము” అనసాగినది. “గుంట తప్పించితిని గదా, నీకెందుకు వచ్చినదే?” అని తల్లి ఆశ్చర్యపడినది.

ఆశ్చర్యపడవలసినది లేదు. నడుము నొప్పి ఎక్కువగా కనబడు ఉద్యోగములలో నర్సు పని ఒకటి. మంచముపైనున్న రోగిని ఎత్తుట, పక్కకు తిప్పుట, వంగి కట్టు కట్టుట ఆమె పనులు. అదే ఆస్పత్రిలో చీటీలు వ్రాయువారు, పరీక్షశాలలో సూక్ష్మదర్శినిపై వంగి చూచువారు, పండ్ల వైద్యులు బరువులు ఎత్తరు. అయినను వారికిని నడుము నొప్పి వచ్చుచున్నది. ఒకరికి బరువు, వేరొకరికి కదలిక లేమి కారణము. ఇతరులకు వైద్యము చేయు చోటనే ఉన్నను, తమ నడుమును తాము చూచుకొననిచో ఫలితము ఇదియే.

ఇక నడుము నిర్మాణము చూతము. నడుము భాగమున వెన్నుపూసలు 5 కలవు. పూసకు పూసకు నడుమ మెత్తని బిళ్ళ ఒకటి ఉండును. పెద్దవారిలో ఈ బిళ్ళకు సొంత రక్తనాళములు దాదాపు లేవు. చుట్టునుండి ఊరి వచ్చు ద్రవమే దానికి ఆహారము. శరీరము కదలుచుండిన ఆ రాకపోకలు బాగుగా సాగును. ఒకే తీరున గంటలకొలది ఉండిన, బిళ్ళకును కండరములకును అలసట కలుగును. పడుగును ఎల్లవేళల ఒకేచోట బిగించి ఉంచిన నూలు ఏమగునో మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

కూర్చుండుటయే దోషమని పూర్వము తలచిరి. స్వీడను దేశపు వైద్యుడు నాకెమ్సన్, 1960 తరువాతి సంవత్సరములలో, నిలుచున్నప్పటికంటె కూర్చున్నప్పుడు బిళ్ళపై ఒత్తిడి ఎక్కువయని కొలిచి చెప్పెను. 1999లో విల్కే అను శాస్త్రజ్ఞుడు మరల కొలువగా, సుఖముగా కూర్చున్నప్పుడు అంత ఒత్తిడి కనబడలేదు. కనుక కూర్చుండుటను పాపముగా ఎంచవద్దు. కదలక, మార్పులేక కూర్చుండుటయే జాగ్రత్తపడవలసిన విషయము.

మగ్గముపై మన సంగతి విచిత్రము. చేయి నాడెను ఆడించును, కాలు తొక్కును. చూచువారికి ఒడలంతయు కదలుచున్నట్లే ఉండును. కాని నడుము మాత్రము ఉదయమునుండి అదే వంపులో నిలిచియుండును. తెగిన పోగు అతుకుటకు ఇంకను ముందుకు వంగుదుము. స్త్రీలు మగ్గము దిగి పొయ్యి ముందు కూర్చుందురు. పొయ్యి ముందునుండి లేచి కండెలు చుట్టుటకు కూర్చుందురు. పని మారును, వంపు మారదు.

ఈ బాధ మనకొక్కరికే కాదు. ప్రపంచములో 2020 నాటికి సుమారు 61 కోట్ల 90 లక్షల మందికి నడుము నొప్పి ఉండెననియు, 2050 నాటికి అది 84 కోట్లు దాటుననియు అంచనా. ఇటలీ వైద్యుడు రమజ్జీని 1700లోనే వృత్తి వ్యాధులపై గ్రంథము వ్రాసి, కూర్చుండి పనిచేయువారు సెలవు దినములందైనను ఒడలు కదల్పవలెనని హెచ్చరించెను.

ఇప్పుడు చేయదగిన పనులు చెప్పెదము.

1. అరగంటకొకసారి లేవవలెను. నిటారుగా నిలిచి, చేతులు నడుముపై ఆనించి మెల్లగా వెనుకకు వంగి, నాలుగడుగులు నడచి మరల కూర్చుండవలెను. కండె మార్చునప్పుడు భుజములనైనను వెనుకకు విరువవలెను.

2. కూర్చుండు పలక మోకాళ్ళకంటె తుంటి కొంచెము ఎత్తుగా ఉండునట్లు అమర్చవలెను. మడచిన దుప్పటి ఒకటి చాలును. కాళ్ళు సాగదీయకయే తొక్కుడు చెక్కలు అందవలెను. ఇంటిలో ఇద్దరు నేయుచుండినచో ఒకరి ఎత్తు మరొకరికి సరిపడదు, పలకను మార్చుకొనవలెను.

3. వెలుతురు చాలనిచో మనిషి వంగును. దీపము నేతపై పడునట్లు పెట్టుకొనవలెను.

4. నూలు మూటగాని, నీటి బిందెగాని ఎత్తునప్పుడు మోకాళ్ళు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టవలెను. ఎత్తి ఒక్కసారిగా తిరుగరాదు. నర్సుబిడ్డలు రోగిని ఒంటరిగా ఎత్తక, రెండవవారిని పిలువవలెను.

5. దినమునకు అరగంట వేగముగా నడువవలెను. వారమునకు 150 నుండి 300 నిమిషముల నడకవంటి శ్రమ పెద్దలకు మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది.

“మేము గజముల లెక్కన కూలి తీసికొనువారము, లేచి తిరిగిన కూలి ఎవరిత్తురు?” అని మీరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. లెక్క కట్టుదము. 8 గంటల పనిలో అరగంటకు 2 నిమిషములచొప్పున 32 నిమిషములు పోవును. నెలకు 25 దినములకు 800 నిమిషములు, అనగా 13 గంటల 20 నిమిషములు. రెండు పనిదినములకంటె తక్కువ. అదియు చిన్న నష్టమని మేము అనము. కాని నడుము పట్టి వారము పడుకొన్నవాని ఇంట ఆగిన మగ్గమును తలచుకొనుడు. ఏది చౌక?

నొప్పి వచ్చినపిమ్మట పలువురు చేయు తప్పులు రెండు. మొదటిది, మంచము పట్టుట. 1995లో ఫిన్లాండు దేశపు హెల్సింకి నగర ఉద్యోగులపై జరిపిన పరిశీలనలో, పడుకొన్నవారికంటె ఓర్చుకొన్నంతమేర నిత్యపనులు సాగించినవారు త్వరగా కోలుకొనిరి. రెండవది, బెల్టుపై భారము వేయుట. దీర్ఘకాలపు నడుము నొప్పికి బెల్టులు, లాగుడు చికిత్స వాడవలదనియు, వ్యాయామము మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సలహా ఇచ్చినది. అంగడిలో అడిగి తెచ్చుకొను నొప్పిమాత్రలు దినదినము మ్రింగిన కడుపునకు, మూత్రపిండములకు చేటు.

అన్ని నొప్పులు ఒకటి కావు. కాలు పట్టు తప్పుట, తొడల నడుమ స్పర్శ తెలియకపోవుట, మల మూత్రములపై అదుపు పోవుట కనబడినచో ఆ దినమే పెద్దాస్పత్రికి పోవలెను. జ్వరము, బరువు తగ్గుట, రాత్రివేళ తగ్గని నొప్పి ఉన్నచో వెన్ను క్షయ మొదలగు వ్యాధులు కావచ్చును, ఆలస్యము చేయరాదు. పడినపిమ్మట వచ్చిన నొప్పిని కూడ చూపించుకొనవలెను. తమిళనాడు ప్రభుత్వము 2021 ఆగస్టు 5న ప్రారంభించిన “మక్కళై తేడి మరుత్తువం” పథకములో ఇంటికే వచ్చి వ్యాయామ చికిత్స నేర్పు ఏర్పాటు చేర్చబడినది. మీ ఊరి ఆరోగ్య కేంద్రమున విచారింపుడు.

చివరగా ఒక మాట. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశము తల్లి లక్ష్మి ఆసు పోయుచుండెడిది. ఒక చీరకు సుమారు 9,000 మారులు చేయి అటునిటు ఆడించవలెను. తల్లి భుజము నొప్పి చూడలేక ఆ కుమారుడు ఏండ్లతరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రమును సిద్ధము చేసెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. ఆయన గొప్పతనము యంత్రములోనే లేదు. “ఇది మన తలవ్రాత” అని ఊరకుండకపోవుటలో ఉన్నది.

అందరము యంత్రములు చేయలేము. కాని ఈ రాత్రియే మగ్గము దగ్గరకు పోయి, కూర్చుండు పలక ఎత్తు చూడగలము. అమ్మ కూర్చుండు పీటపై దుప్పటి మడచి వేయగలము. అరగంట కాగానే, “లే అమ్మా, నాలుగడుగులు నడువుము” అని పిలువగలము. ఈ పిలుపు ప్రతి నేత ఇంట వినబడవలెనని మా కోరిక.