వ్యవసాయ వ్యాపార నిర్వహణ బోధనలో నీటి లెక్క

వ్యవసాయ వ్యాపార విద్యార్థులు తయారుచేసే ప్రాజెక్టు నివేదికలలో విత్తనం, ఎరువు, కూలి, వడ్డీ తప్పక ఉంటాయి. భూగర్భ జలానికి మాత్రం పద్దు ఉండదు. 2004 నుంచి తెలుగు రైతుకు విద్యుత్తు ఉచితమైనందున నీరూ ఉచితమే అన్నట్లు లెక్క వేస్తారు. బోరు ఎండితే కొత్త బోరు ఖర్చు రైతుదే. కనుక బోరు, మోటారు, పైపుల మొత్తం వ్యయాన్ని బోరు పనిచేయగల సంవత్సరాలతో భాగించి, నీరు పారించిన గంటల ప్రకారం వరికీ, ఆరుతడి వేరుశనగకూ పంచమని వారిని కోరాలి. బోరు ఆయుష్షును పదేళ్ల నుంచి ఐదేళ్లకు తగ్గించి చూపితే ఏటి భారం రెట్టింపవుతుంది; ఉపన్యాసం ఇంత నేర్పదు. ఆపై అసలు ప్రశ్న: వరి మానిన రైతు పంటను కొనేదెవరు? 1956లో ఏర్పడిన ముల్కనూరు సహకార సంఘం పరపతిని, మార్కెటింగ్‌ను ఒకేచోట సమకూర్చింది. అటువంటి ఏర్పాటు చూపని ప్రణాళికకు, లాభం ఎంత కనబరచినా, పూర్తి మార్కులు ఇవ్వరాదు.