పంటి వేరుకు వైద్యం



కువైట్ దేశంలో సముద్రపు ఒడ్డున, ఫింటాసుకూ అబూ హలీఫాకూ మధ్య మహబూలా ఉన్నది. అక్కడి ఎత్తైన భవనాలలో పలు దేశాలవారు నివసిస్తారు. కడప సీమ నుండి, గోదావరి జిల్లాల నుండి కువైట్ వెళ్ళిన మనవారు ఎందరో. అక్కడ పెరుగుతున్న మీకు ఈ పాఠం ఒక పనికివచ్చే విషయం చెబుతుంది. మీ నాన్నగారికో అమ్మగారికో పంటి వేరుకు వైద్యం జరిగిందనుకోండి. దీనినే రూట్ కెనాల్ అంటారు. ఇంటికి వచ్చాక ఏమి చేయాలి? ఏమి చేయకూడదు?

ముందు పన్ను ఎలా ఉంటుందో తెలుసుకుందాం. పైకి కనిపించే తెల్లని పొర పింగాణి. మన శరీరంలో దానికంటే గట్టి పదార్థం లేదు. దాని కింద దంతధాతువు, అన్నిటికంటే లోపల మెత్తని గుజ్జు ఉంటాయి. నరాలు, రక్తనాళాలు ఆ గుజ్జులో ఉంటాయి. అది సన్నని కాలువలలో వేరు కొన వరకు సాగుతుంది. మనం తిన్న తీపిని నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పింగాణిని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. పింగాణిలో నరాలు లేవు కనుక మొదట నొప్పి తెలియదు. పుచ్చు గుజ్జును చేరినప్పుడు మాత్రం రాత్రి నిద్ర పట్టనంత పోటు పుడుతుంది.

దంతవైద్యుడు ఎక్స్‌రే తీసి చూస్తాడు. మత్తుసూది వేసి, చెడిన గుజ్జును తీసివేసి, కాలువలను శుభ్రం చేస్తాడు. తరువాత వాటిని గట్టా పర్చా అనే పదార్థంతో నింపుతాడు. ఇది మలయా ప్రాంతపు చెట్ల పాల నుండి వచ్చినది. 1851లో ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య సముద్రం అడుగున వేసిన తంతి తీగకు తొడుగు కూడా దీనితోనే చేశారు. అక్కడ అది ఉప్పునీటిని లోపలికి రానీయలేదు. ఇక్కడ సూక్ష్మజీవులను రానీయదు.

ఇంటికి వచ్చిన రోజు పెదవి, బుగ్గ కొన్ని గంటలపాటు మొద్దుబారి ఉంటాయి. ఆ సమయంలో ఏమి కొరికినా, ఎంత వేడి తాగినా తెలియదు. నాలుక తెగవచ్చు, నోరు కాలవచ్చు. కనుక మత్తు వదిలేవరకు నాన్నగారికి వేడి టీ ఇవ్వకండి. ఆ తరువాత పెరుగన్నం, ఇడ్లీ, గోరువెచ్చని రాగిజావ వంటివి పెట్టండి. రెండవ వైపు నమలమని చెప్పండి. ఎండిన కుబ్బూస్, మురుకులు, వేయించిన వేరుశనగలు కొన్నాళ్ళు వద్దు.

నాలుగైదు రోజులు కొరికినప్పుడు సలుపు ఉండవచ్చు. నరం తీసివేశారు గదా, నొప్పి ఎందుకు? పంటిని ఎముకకు పట్టి ఉంచే కణజాలం వాచి ఉంటుంది. దానికి నరాలు ఉన్నాయి. రోజురోజుకూ తగ్గే నొప్పికి భయపడనవసరం లేదు. గ్లాసు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు కలిపి పుక్కిలించవచ్చు. ఆ పంటిని కూడా మెత్తని బ్రష్షుతో తోమాలి.

ఇప్పుడు మీరు చేయదగిన ముఖ్యమైన పని వినండి. మందుల పేర్లు చదివి చెప్పడం! కువైట్‌లో కొన్న పెనడాల్, ఊరి నుండి తెచ్చుకున్న డోలో పేర్లు వేరైనా, రెండింటిలోని మందు పారాసిటమాలే. రెండు మందులనుకొని రెండూ వేసుకుంటే మోతాదు మించి కాలేయం దెబ్బతింటుంది. అట్ట మీద పెద్ద అక్షరాల కింద చిన్న అక్షరాలలో ఉండే అసలు పేరు చదవండి. డాక్టరు చెప్పిన మందునే, చెప్పినన్ని సార్లే వాడాలి. గదిలోని స్నేహితుడికి మిగిలిన మాత్రలు వాడకూడదు. ఆస్పిరిన్ మాత్రను చిగురు మీద పెడితే చిగురు కాలుతుంది. అది నోటి నొప్పికి వైద్యం కాదు.

ముఖం వాచినా, జ్వరం వచ్చినా, నొప్పి తగ్గక పెరిగినా వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. మింగడం, ఊపిరి పీల్చడం కష్టమైతే ఒక్క నిమిషం ఆగకూడదు. కువైట్‌లో 112కు, మన రాష్ట్రాలలో 108కి ఫోను చేయాలి.

చాలామంది ఒక చోట పొరపడుతుంటారు. నొప్పి పోగానే వైద్యం పూర్తయిందనుకుంటారు. మళ్ళీ వెళితే ఒక పూట జీతం పోతుందని వాయిదా వేస్తారు. కానీ మొదట పెట్టినది తాత్కాలికపు పూత మాత్రమే కావచ్చు. అది అరిగితే సూక్ష్మజీవులు మళ్ళీ చేరుతాయి. పుచ్చుతోను, వైద్యంతోను చాలా భాగం పోయిన దవడ పన్ను బలహీనంగా ఉంటుంది. తొడుగు వేయించకపోతే ఏదో ఒకనాడు అన్నంలోని చిన్న రాయికే చీలవచ్చు. అప్పుడు పీకించుకోవడమే గతి. 2020 ఏప్రిల్‌లో కరోనా వ్యాధి వలన మహబూలా రాకపోకలను కొన్ని నెలలు మూసివేశారు. ఏ పని ఎప్పుడు ఆగుతుందో ముందుగా తెలియదు. సగం వైద్యాన్ని నిలవ ఉంచుకోరాదు.

పై పన్ను ముట్టుకుంటే కంటిచూపు పోతుందని కొందరు పెద్దలు భయపడతారు. అది నిజం కాదు. చూపునిచ్చే నరం వేరు, పంటి నరం వేరు. ఈ సంగతి వారికి మర్యాదగా, ఓపికగా చెప్పండి.

నోరు మంచిదైతే ఊరు మంచిదని సామెత. అది మాట తీరు గురించి చెప్పినది. పళ్ళు మంచివైతే తిండీ నిద్రా మంచివని మనం కలుపుకుందాం.

అభ్యాసం

1. గుజ్జు తీసిన తరువాత కూడా కొన్నాళ్ళు నొప్పి ఎందుకు ఉంటుంది?
2. నొప్పి పోయినా మళ్ళీ డాక్టరు దగ్గరకు ఎందుకు వెళ్ళాలి?
3. మీ ఇంటిలోని మూడు మందుల అట్టలు పెద్దల ఎదుట చదివి, అసలు పేర్లు తెలుగులో వ్రాయండి. ఏ రెండైనా ఒకటేనా?
4. సొంత వాక్యాలలో ప్రయోగించండి: మొద్దుబారు, పుక్కిలించు, వాయిదా వేయు.