సముద్రము దాటిన పూర్వులు

చిత్తూరు సీమకు పడమటి దిక్కున, మైసూరు పీఠభూమి అంచున పుంగనూరు ఉన్నది. పొట్టిజాతి ఆవులకు ఆ యూరు ప్రసిద్ధి. దానికి ఉత్తరమున మదనపల్లె, దక్షిణమున కుప్పము గలవు. ఇది మెట్టప్రాంతము. వాన కురిసిన పంట, కురియనిచో కరవు. సముద్రము ఇచ్చటికి చాల దూరము. అయినను పందొమ్మిదవ శతాబ్దమున ఉత్తర ఆర్కాటు జిల్లానుండి వేలకొలది జనులు చెన్నపట్టణమునకు పోయి, ఓడ లెక్కి, పరదేశములకు వెడలిరి. పుంగనూరు జమీందారీ నాడు ఆ జిల్లాలోనిదే. వెడలినవారి మునిమనుమలు నేడు తమ పూర్వుల యూరు ఏదో తెలిసికొన గోరుచున్నారు. వారు దానిని వెదకు విధమే ఈ పాఠమునకు విషయము.

బ్రిటిషు వలసరాజ్యములలో 1834లో బానిసత్వము రద్దయ్యెను. అంతట చెఱకు తోటల యజమానులకు పనివారు కావలసివచ్చిరి. ఆ సంవత్సరమే మారిషసు ద్వీపమునకు భారతీయ కూలీల వలస సాగెను. తరువాత 1860లో దక్షిణాఫ్రికాలోని నేటాలుకును, 1879లో ఫిజీ దీవులకును కూలీలు పోయిరి. పోవువారు అయిదేండ్లు పనిచేయుదుమని ఒప్పందపత్రముపై వ్రేలిముద్ర వేయవలెను. ‘అగ్రిమెంటు’ అను ఇంగ్లీషు మాట వారి నోట ‘గిర్మిట్’ అయినది. 1876 మొదలు 1878 వరకు చెన్నరాజధానిలో ఘోరమైన కరవు వచ్చెను. అట్టి దినములలో ఆకలిగొన్న వానికి ఆ పత్రములోని షరతులకంటె పూటకు దొరకు కూడే ముఖ్యముగా తోచుట సహజము.

‘ట్రూరో’ అను ఓడ చెన్నపట్టణమునుండి బయలుదేరి 1860 నవంబరు 16వ తేదీన డర్బను రేవు చేరెను. అందు 342 మంది ప్రయాణికులుండిరి. అది మొదలు 1911 వరకు నేటాలుకు సుమారు 1,52,000 మంది కూలీలు వెళ్లిరి. ప్రతివానికిని ఒక సంఖ్య నిచ్చిరి. మొదటి యేడు నెలకు పది షిల్లింగులు జీతము. గడువు తీరిన పిదప అచ్చటనే నిలువదలచిన వారిపై 1895 నాటి చట్టము ఏటికి మూడు పౌనుల పన్ను విధించెను. దానిని ఎదిరించి 1913లో గాంధీమహాత్ముని నాయకత్వమున కూలీలు సమ్మె చేయగా, 1914లో ఆ పన్ను తొలగెను. పెక్కుమంది అచ్చటనే స్థిరపడిరి.

ఇప్పుడు డర్బను నగరమున ఒక యువతి కలదనుకొనుడు. ఆమెకు తెలుగు వ్రాయను చదువను రాదు. “మనవారిది ఆర్కాటట” అని చిన్ననాడు అవ్వ చెప్పిన మాట మాత్రము జ్ఞాపకమున్నది. ఆమె ఎచ్చట ప్రారంభింపవలెను? ముందుగా ఇంటిలోనే. పెద్దలను అడుగవలెను, పాత పెట్టెలలోని వివాహపత్రములు, మరణపత్రములు చూడవలెను. వానిలో ఎచ్చటనో పూర్వుల సంఖ్య కానవచ్చును. ఆ సంఖ్య దొరికినచో సగము దారి నడచినట్లే.

రెండవ మెట్టు ఓడల జాబితా. నేటాలుకు వచ్చిన ప్రతి ఓడకును జాబితా వ్రాసి యుంచిరి. అందు మనిషి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, శరీరముపైని గుర్తులు ఉండును. “మునెమ్మ, తండ్రి గంగన్న, ఇరువదియేండ్లు, ఎడమచేతిపై పచ్చబొట్టు” అని ఒక పంక్తి ఆ యువతి కంటబడెననుకొనుడు. మనిషిని గుర్తుపట్టుటకు, పారిపోయిన కూలీని పట్టి తెచ్చుటకు ఉపయోగపడునని తెల్లదొరలు ఆ గుర్తులను వ్రాయించిరి. నేడు ఆ గుర్తే ఒక ఛాయాపటమైనను లేని ముత్తవ్వను మనుమరాలి కన్నులకు కట్టుచున్నది. ఫిజీకి పోయినవారి వివరములును ఇట్లే వలసపత్రములలో నున్నవి. మారిషసులో 1860ల నాటినుండి కూలీల ఛాయాపటములు సైతము తీసిరి. ఆ దేశపు పాత పత్రములు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి.

మూడవ మెట్టు కఠినమైనది. జాబితా వ్రాసిన గుమాస్తా చెవికి వినబడినది ఇంగ్లీషు అక్షరములలో వ్రాసెను. ఆ లిపిలో ల, ళ లకు భేదము లేదు; త, ట లకును, ద, డ లకును భేదము లేదు. పలమనేరు ఆ కాగితములలో ‘పల్మనేర్’ అయినది. కావున ఊరి పేరును కన్నులతో చదువుట చాలదు. పైకి పలికి, పలుకుబడినిబట్టి పోల్చవలెను.

ఇంకొక చిక్కు జిల్లాల మార్పు. ‘ఉత్తర ఆర్కాటు’ అని చూచిన వారు ఆ యూరు తమిళనాట నున్నదని తలతురు. కాని ఆ జిల్లాకు నాడు చిత్తూరే ముఖ్యపట్టణము. 1911 ఏప్రిలులో చిత్తూరు జిల్లా వేరుగా ఏర్పడెను. మదనపల్లె అంతవరకు కడప జిల్లాలోనిది. 2022లో అది అన్నమయ్య జిల్లాలో చేరినది. మనిషి కదలకున్నను ఊరి చిరునామా కదలుచునే యున్నది! ఓడ యెక్కిన సంవత్సరమున ఆ తాలూకా ఏ జిల్లాలో నుండెనో ముందు నిర్ణయింపవలెను.

తుదకు ఊరు దొరకినను కార్యము ముగియదు. కరణముల లెక్కలలో భూమిగలవారి పేర్లే ఉండును. ఓడ యెక్కినవారిలో భూమిలేని పేదలు అనేకులు. కరణముల పదవులు 1984లో రద్దయినవి. కావున వృద్ధుల జ్ఞాపకమే శరణ్యము. “మా తాత అన్న దీవులకు పోయి మరల రాలే”దను ఒక్క మాట గొప్ప సాక్ష్యము కావచ్చును. అయితే పేరు ఒక్కటి సరిపోయినంత మాత్రమున చుట్టరికము కలుపరాదు. ఈ సీమలో మునెమ్మలు పెక్కుమంది. తండ్రి పేరు, ఊరు, కాలము కూడ సరిపోవలెను.

ఇట్టి అన్వేషణ తెలుగువారికే పరిమితము కాదు. ఐర్లండులో 1845 మొదలు బంగాళాదుంప పంట చెడి మహాక్షామము వచ్చెను. పది లక్షలకు పైగా జనులు అమెరికా మొదలగు దేశములకు వలసపోయిరి. వారి సంతతివారును తమ యూళ్లను వెదకుచున్నారు. కాని 1922లో డబ్లిను నగరమున అంతర్యుద్ధమున ప్రభుత్వ పత్రాలయము తగులబడి, శతాబ్దముల పత్రములు బూడిదయ్యెను. అందుచే వారు మిగిలిన చర్చి పుస్తకములను, సమాధిరాళ్లను ఆశ్రయించుచున్నారు. ఒక్క కాగితము నశించినచో ఒక కుటుంబపు దారి మూసికొనిపోవును.

దూరదేశమున నున్నను తెలుగువారు తమ భాషను పూర్తిగా విడువలేదు. 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్రమహాసభ స్థాపితమయ్యెను. 1996 నాటి ఆ దేశ రాజ్యాంగము, గౌరవించి ప్రోత్సహింపవలసిన భాషలలో తెలుగును పేర్కొన్నది.

ఏనాడైనను ఒక పరదేశీయురాలు చేత ఒక కాగితము పట్టుకొని పుంగనూరు బస్సుస్టాండులో దిగి, వంకరటింకర పలుకుబడితో ఒక పల్లె పేరు అడుగవచ్చును. ఆమెను చూచి నవ్వరాదు. తెలిసినచో దారి చూపవలెను. ఊరి వృద్ధులయొద్దకు తోడ్కొని పోవలెను. తెలియనిచో తెలియదని నిజము చెప్పవలెను. ఆమెను సంతోషపెట్టుటకై లేని బంధుత్వము కల్పించుట ఉపకారము కాదు. సంఖ్యగా మారి సముద్రము దాటిన మనిషికి మరల ఊరును పేరును సమకూర్చుటయే ఆ కాగితము కోరుచున్న ఉపకారము.