కన్సోల్ తెగితే కంప్యూటర్ పోయినట్లేనా?

విజయవాడ స్టేషన్లో రిజర్వేషన్ కౌంటరు ముందు ఒక్కసారైనా నిలబడని వాళ్ళు మనలో అరుదు. గుమాస్తా గారి ముందున్న తెరే కంప్యూటర్ అనుకునే రోజుల్లో నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి అది టెర్మినల్ మాత్రమే. 1994 సెప్టెంబరులో సికిందరాబాదులో 'కాన్సర్ట్' అనే రిజర్వేషన్ పద్ధతి మొదలైనప్పుడు, ఇక్కడి కౌంటర్ల లెక్క చూసినవి అక్కడి డిజిటల్ కంపెనీ కంప్యూటర్లు. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికిందరాబాదు కేంద్రాలు అయిదూ ఒకదానితో ఒకటి కలిశాయి. ఇలాంటి ఏర్పాటులో టెర్మినళ్ళు ఎన్నయినా ఉండవచ్చు. కాని యంత్రంతో నేరుగా మాట్లాడే తెర వేరే ఉంటుంది. దాని పేరే కన్సోల్.

ఈ వ్యాసంలో ఆ కన్సోల్ సంగతీ, దాని సంబంధం తెగినప్పుడు ఏం చెయ్యాలన్న సంగతీ నాకు తెలిసినంతలో చెబుతాను. ఉదాహరణకు వ్యాపార సంస్థల్లో బాగా వాడుకలో ఉన్న ఐ.బి.ఎం. యంత్రాన్ని తీసుకుంటాను. 1988లో ఎ.ఎస్./400 పేరుతో వచ్చి, తర్వాత ఐసిరీస్ అయి, 2008 నుండి పవర్ యంత్రాల మీద 'ఐ.బి.ఎం. ఐ' పేరుతో నడుస్తున్నది ఇదే.

కన్సోల్ ఎందుకు?

రోజువారీ పనికి కన్సోల్ అక్కర లేదు. బిల్లులూ, ఖాతాలూ టెర్మినళ్ళ మీదే సాగిపోతాయి. కాని మొత్తం యంత్రాన్ని టేపు మీదికి సేవ్ చెయ్యాలంటే మిగతా పనులన్నీ ఆపాలి. దాన్ని 'రిస్ట్రిక్టెడ్ స్టేట్' అంటారు. అప్పుడు మిగిలేది కన్సోల్ ఒక్కటే. డిస్కు చెడినా, కొత్తగా సాఫ్ట్‌వేర్ ఎక్కించాలన్నా అదే దిక్కు.

పూర్వం దీనికి ట్వినాక్స్ కేబుల్ మీద ప్రత్యేకంగా ఒక టెర్మినల్ ఉండేది. తర్వాత మామూలు పి.సి.ని నేరుగా కేబుల్‌తోనో, లాన్ ద్వారానో కన్సోల్‌గా వాడారు. పెద్ద యంత్రాలకు హెచ్.ఎం.సి. అనే వేరే పెట్టె వచ్చింది. సౌకర్యం పెరిగింది, తెగే చోట్లూ పెరిగాయి. మధ్యలో స్విచ్చి, కేబుల్, పి.సి., దాని కరెంటు, వీటిలో ఏది పోయినా కన్సోల్ పోతుంది.

నేను చేసిన పొరపాటు

2008 ప్రాంతంలో ఈ వూళ్ళోనే ఒక సంస్థలో ఆపరేటరుగా కొత్తగా చేరాను. ఒక ఆదివారం రాత్రి ఫుల్ సేవ్ పెట్టాను. మధ్యలో కరెంటు పోయింది. సర్వరుకు యు.పి.ఎస్. ఉంది. కన్సోల్ పి.సి. మాత్రం గోడకున్న మామూలు ప్లగ్గులో ఉంది! తెర నల్లబడింది. నాకు కాళ్ళు చేతులు ఆడలేదు. టేపు తిరుగుతున్న చప్పుడు చెవిన పడుతూనే ఉన్నా, సర్వరు చచ్చిపోయిందనుకుని పవర్ బటన్ నొక్కి పట్టుకున్నాను.

అంతే. సేవ్ చెడింది. అలా అర్ధాంతరంగా ఆపిన యంత్రం మళ్ళీ లేచేటప్పుడు ఫైళ్ళన్నీ సరిచూసుకుని, ఇండెక్సులు తిరిగి కట్టుకుంటుంది. సోమవారం పది గంటలకు కౌంటర్ల ముందు జనం బారులు తీరారు, మా యంత్రం ఇంకా లేస్తూనే ఉంది. మా సీనియర్ గారు వచ్చి, కేకలెయ్యకుండా ఒక్కటే అడిగారు. "హెడ్డుకూ లాకుకూ మధ్య టెలిఫోను తెగితే బందరు కాలవ పారడం మానేస్తుందటోయ్?"

టెలిఫోను తెగితే లస్కరుకు కబురు అందదు, అంతే. నీళ్ళు పారుతూనే ఉంటాయి. ఫోను పలకలేదని ఎవరూ లాకు తలుపులు బద్దలు కొట్టరు. నేను చేసింది సరిగ్గా అదే.

తెగినప్పుడు వరస

1. ముందు సర్వరు బతికి ఉన్నదో లేదో చూడాలి. టెర్మినళ్ళు పనిచేస్తున్నాయా? టేపు, డిస్కు దీపాలు ఆడుతున్నాయా? కంట్రోల్ పానెల్ మీద ఏ కోడ్ ఉంది? యంత్రం లేచేటప్పుడు ఎ6005008 కనబడితే కన్సోల్ దొరకలేదని అర్థం, యంత్రం చెడిందని కాదు.

2. తర్వాత పి.సి., కేబుల్, స్విచ్చి, ఐ.పి. అడ్రసు, ఈ వరసలో చూడాలి.

3. అప్పటికీ రాకపోతే పానెల్‌ను మాన్యువల్‌లో పెట్టి 21వ ఫంక్షన్ ఇస్తే సర్వీస్ టూల్స్ తెర కన్సోల్ మీదికి వస్తుంది. 65, 21 ఫంక్షన్లు కలిపి వాడితే యంత్రం ఏ రకం కన్సోల్ కోసం చూస్తున్నదో తెలుస్తుంది, మార్చనూవచ్చు. హెచ్.ఎం.సి. ఉన్నచోట ఈ ఫంక్షన్లు దాని నుండే ఇస్తారు.

4. 'టేక్ ఓవర్' సౌకర్యం ముందే పెట్టి ఉంటే, పి.సి. తిరిగి వచ్చాక గాని, ఇంకో పి.సి. నుండి గాని ఆగిన చోటనే అందుకోవచ్చు. ఈలోగా నడుస్తున్న పని, ఏదైనా ప్రశ్నకు జవాబు కోసం ఆగితే తప్ప, సాగుతూనే ఉంటుంది. ఆ రాత్రి మా యంత్రంలో ఈ సౌకర్యం పెట్టే ఉంది. కరెంటు వచ్చేదాకా ఊరుకుని ఉంటే సరిపోయేది!

ముందు జాగ్రత్తలు

కన్సోల్ పి.సి.కి కూడా యు.పి.ఎస్. ఇవ్వాలి. రెండో కన్సోల్ ఒకటి సిద్ధంగా ఉంచాలి. పాస్‌వర్డ్‌ల విషయం మరీ ముఖ్యం. ఆపరేటింగ్ సిస్టమ్‌లో 'క్యూసెకాఫర్' అని ఒకటి, సర్వీస్ టూల్స్‌లో అదే పేరుతో ఇంకొకటి ఉంటాయి. రెండూ వేరు. ఒకటి మరచిపోతే రెండోదానితో సరిచేసుకోవచ్చు. రెండూ మరచిపోతే సిస్టమ్ మళ్ళీ ఎక్కించుకోవలసి రావచ్చు. కనుక వాటిని కవరులో సీలు వేసి బీరువాలో భద్రపరచాలి.

ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే. కాని చీకట్లో, ఒంటరిగా, నల్లబడిన తెర ముందు నిలబడ్డప్పుడు పుస్తకం గుర్తుకు రాదు. మీలో చాలామంది రేపు ఏదో ఒక కంప్యూటర్ గదిలో రాత్రి డ్యూటీ చేస్తారు. ఆ రోజున ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి. కన్సోల్ పోతే పోయేది మన చూపు మాత్రమే. చూపు తిరిగి వచ్చేదాకా చేతులు జేబులో పెట్టుకోండి.